అటూ ఇటూ ఐదు

ఆగస్టు మూడు. యాకుత్‌పురా.
జూనియర్ కాలేజీ డాబా మీద
మీటరు పొడవు ఇనుప పైపు,
దాని కింద తెల్ల ఛార్టు, నాలుగు మూలలా ఇటుక పెంకులు.
పైపు నిటారుగా ఉందో లేదో చెప్పేది
సైకిల్ షాపు నుంచి అడిగి తెచ్చిన నట్టు, ఒక దారం.
గాలికి నట్టు నిలవదు.
"ఊగనీ. ఊగే రెండు చివరల మధ్య చూడు" అంది కౌసల్యా మేడం.
అది పాఠమని అప్పుడు తెలియదు.
నాకు ఆకలేస్తోంది.

పన్నెండు కొట్టింది. నీడ ఇంకా ఉంది.
గడియారం తప్పా, సూర్యుడు తప్పా?
ఎవరిదీ కాదట.
మన చేతికున్న పన్నెండు
ఎక్కడో మిర్జాపూర్ పక్కనుంచి పోయే గీతది.
అక్కణ్ణుంచి మనం నాలుగు డిగ్రీలు పడమర,
డిగ్రీకి నాలుగు నిమిషాలు.
ఇంకో ఆరేడు నిమిషాలు
భూమి ఒరిగి తిరుగుతున్నందుకు,
దాని దారి సరైన వృత్తం కానందుకు.

మేడం లెక్క ఇంకా పూర్తి కాలేదు.
నుస్రత్ గోడకానుకుని, గోళ్లు చూసుకుంటూ,
"పన్నెండూ ఇరవై మూడు" అంది.
"మా నానా దగ్గర జవాల్ పట్టిక ఉంది, మసీదు గోడకు."
సుద్దముక్క దించి
మేడం కాసేపు ఆ పిల్లనే చూసింది.

పన్నెండూ పంతొమ్మిదికి మబ్బు.
నలభై మందిమి తలెత్తి తిట్టాం.
రైలు పోయింది. డాబా అదిరింది. నట్టు మళ్లీ మొదలు.
ఇరవై రెండుకు మబ్బు చిరిగింది.

పైపు తన నీడను పాదం కిందికి లాక్కుంది,
చినుకు పడగానే
గుమ్మం బయటి చెప్పులు లోపలికి లాక్కునే ఇంటావిడలా.

కేకలు. చప్పట్లు. అందరి పుస్తకాల్లో సున్నా.
నా స్కేలు మీద మాత్రం మూడు మిల్లీమీటర్లు,
ఉత్తరానికి, పలచటి బూడిద రంగులో,
ఉన్నానా లేనా అన్నట్టు.
మళ్లీ చూశాను. మూడే.
పక్కనున్న సంపత్ పుస్తకంలోకి చూశాను.
రబ్బరు తీశాను.

సాయంత్రం మేడం నా పేజీని కిటికీకి ఎత్తి పట్టింది.
"ఈ మూడు ఏమైంది?"
"తప్పని చెరిపాను."
"తప్పని నీకెవరు చెప్పారు?"

కోప్పడుతుందనుకున్నాను.
నన్ను మళ్లీ డాబా మీదికి తీసుకెళ్లి
తన సీసాలోని నీళ్లు నేల మీద ఒలకబోసింది.
నీళ్లు ఆలోచించి, మెల్లగా, తూము వైపు నడిచాయి.
తూము ఉత్తరాన.
పైపు స్టాండు కూడా రోజంతా అటే వంగి ఉంది
మా నలభై జతల కళ్లకూ ఆనకుండా.

"ఇంకొకటి. సూర్యుడు చుక్క కాదమ్మా,
అర డిగ్రీ వెడల్పు.
మీటరు పైపుకు నీడ అంచే తొమ్మిది మిల్లీమీటర్ల మసక.
సున్నా అని ఎట్లా రాస్తారు వీళ్లంతా?
నా స్కేలుకు కనబడలేదు అని రాయాలి.
నువ్వు మూడు అనే రాయి,
పక్కన, అటూ ఇటూ ఐదు అని రాయి.
అందులో వాళ్ల సున్నా కూడా ఇముడుతుంది చూడు."

ఇరవై ఆరేళ్లు.
ఇప్పుడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని.
మోండా మార్కెట్‌లో పొద్దున్నే
ముద్ర ఉన్న కిలో బాటు కాటా మీద పెడతాను.
ముల్లు వణుకుతుంది,
ఎనిమిది గ్రాములు తక్కువ.
"కరెక్టుగనే ఉంటది మేడం, నిన్ననే తుడిచిన"
అంటుంది టమాటాల బాలామణి.
రసీదు పుస్తకం తీసేముందు వంగి
బండి చక్రం చూస్తాను.
ఒకటి గుంతలో ఉంది.
అట్టముక్క మడిచి కింద పెడితే
రెండు గ్రాములే తక్కువ.
ఆ రెండు ఆమెవా, నావా, గాలివా,
రాసుకుంటాను, చెరపను.

ఆ నోటుపుస్తకం ఇంకా ఉంది.
పెన్సిల్ గుర్తు ఎప్పుడో పోయింది.
ఆ చోట వేలు పెడితే
మూడు
తగులుతుంది.